54 ఆయుధాలు, ఒక టోపీ

వీడియో గేముల్లోకి కొత్తగా వచ్చినవాళ్లకి క్రాఫ్టింగ్ ఖర్చు, అంటే కార్డులూ ఆయుధాలూ సొంతంగా తయారు చేసుకునే ఖర్చు, తగ్గించాలని మళ్లీ గోల మొదలైంది. నా ఖాతాలో ఎందుకో తెలియకుండా పడున్న అరవై వేల డస్ట్ (పాత కార్డులు పగలగొడితే వచ్చే పొడి, కొత్తవి చేసుకోవడానికి అదే డబ్బు) సాక్షిగా చెబుతున్నాను, ఇది చాలా ప్రమాదకరమైన ఆలోచన. ఇవాళ డస్ట్ తగ్గించమంటారు, రేపు మాతో సమానంగా ఆడతామంటారు, ఎల్లుండి గెలుస్తారు కూడా. అప్పుడు మేమెక్కడికి పోవాలి?

ముందు కొంచెం లెక్క చెప్పాలి, ఈ ఏర్పాటు అందమంతా లెక్కలోనే ఉంది. హార్త్‌స్టోన్ తీసుకోండి. 2014లో వచ్చిన ఈ కార్డుల ఆటలో కార్డు అరుదైనకొద్దీ ధర పెరుగుతుంది: కామన్ కార్డు తయారు చేసుకోవాలంటే 40 డస్ట్, రేర్‌కి 100, ఎపిక్‌కి 400, లెజెండరీకి 1600. అక్కర్లేదని పగలగొడితే తిరిగొచ్చేది వరసగా 5, 20, 100, 400. అంటే కామన్‌లో చేతికొచ్చేది ఎనిమిదో వంతు, లెజెండరీలో నాలుగో వంతు. అదే బంగారు లెజెండరీ (కార్డు అదే, మెరుపులు మాత్రం ఎక్కువ) అయితే 3200 పెట్టి చేయించుకున్నది పగలగొట్టినా 1600 వస్తుంది, సరిగ్గా సగం. ఎంత న్యాయం! లేనివాడికి నష్టపోవడం ఎలాగూ అలవాటే, ఉన్నవాడికి లేనిపోని అలవాట్లు చెయ్యకూడదు కదా.

కొత్తవాడి చేతిలో ఉండేవి చాలావరకు కామన్లే. వాటితోనే ఒక లెజెండరీ సంపాదించాలంటే 320 పగలగొట్టాలి. ప్యాకులో అయిదు కార్డులుంటాయి, అందులో ఒకటైనా రేర్ గానీ అంతకు పైది గానీ వస్తుంది. బొత్తిగా అదృష్టం లేనివాడు ఆ ప్యాకు మొత్తం పగలగొడితే నాలుగు అయిదులు ఇరవై, రేర్‌ది ఇంకో ఇరవై, వెరసి 40 డస్ట్. దాంతో ఒక కామన్ కార్డు వస్తుంది. అయిదు ఇచ్చి ఒకటి తెచ్చుకోవడం, అదీ ఆ అయిదింట్లో అన్నిటికన్నా చవకరకం. దీన్ని దోపిడీ అనేవాళ్లున్నారు. నేను చదువు అంటాను. ఫీజు లేకుండా చదువెక్కడుంది?

అసలు విషయం ఇక్కడే ఉంది, జాగ్రత్తగా వినండి. ఈ పగలగొట్టడంలో పోయే నాలుగింట మూడొంతులూ ఎనిమిదింట ఏడొంతులూ ఎవరి జేబులోంచి పోతున్నాయి? నాలాంటివాడు డూప్లికేట్ తప్ప దేన్నీ పగలగొట్టడు. ఏ కార్డు పనికొస్తుందో, ఏది వచ్చే నెలకి చచ్చిపోతుందో మాకు తెలుసు. పనికొచ్చేది పగలగొట్టి పనికిరానిది చేసుకునేవాడు కొత్తవాడే. అంటే ఇది కార్డు మీద పన్ను కాదు, తెలియకపోవడం మీద పన్ను. ఎంత తక్కువ తెలిస్తే అంత ఎక్కువ కట్టాలి. ఇంత కచ్చితంగా వసూలయ్యే పన్ను ఇంకోటి చూపించండి, ఇప్పుడే డస్ట్ మొత్తం రాసిచ్చేస్తాను.

మా అక్క కొడుకు ఈమధ్య ఒక కార్డుల ఆట మొదలుపెట్టాడు. పేరెందుకులెండి. మూడో రోజు ఫోను.

"మామయ్యా, డ్రాగన్ చేశాను!"

"దేంతో చేశావురా?"

"ఏవో చిన్నచిన్న కార్డులుంటే అన్నీ పగలగొట్టేశాను, ఒకటి ఒక మానాదట, ఒకటి రెండు మానాలదట, అవెందుకు మనకి?"

మానా అంటే కార్డు వెయ్యడానికి కావలసిన శక్తి, టర్నుకి ఒకటి చొప్పున పెరుగుతుంది. డ్రాగన్ తొమ్మిది మానాల కార్డు. తొమ్మిదో టర్ను దాకా మనిషి బతికుంటేనే అది బయటికొస్తుంది. బతికుంచేవి ఆ చిన్నచిన్న కార్డులు. వాడు వరసగా పద్నాలుగు ఆటలు ఓడిపోయాడు, పద్నాలుగు సార్లూ డ్రాగన్ చేతిలోనే ఉంది. నేను చెప్పొచ్చు. చెబితే వాడికి నేర్చుకునే అవకాశం పోతుందని ఊరుకున్నాను.

డిజైనర్లు ఏమీ చెయ్యలేదని కాదు. హార్త్‌స్టోన్‌లో 2021లో కోర్ సెట్ పేరుతో అందరికీ కార్డులు ఉచితంగా ఇచ్చేశారు, చూసి నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత తెలిసింది, వాటిని పగలగొట్టి డస్ట్ చేసుకోవడం కుదరదట. హమ్మయ్య, పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. మ్యాజిక్ అరీనా అనే ఇంకో కార్డుల ఆటలో అయితే పగలగొట్టే గొడవే లేదు, వైల్డ్‌కార్డ్ ఇస్తారు, దాంతో అదే స్థాయి కార్డు ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. ఉదారంగానే ఉంది. కాకపోతే రెండు రంగుల మానా ఇచ్చే మంచి ల్యాండ్ (నేల) కార్డులు చాలావరకు రేర్లు, కాబట్టి పాపం కొత్తవాడు దాచుకున్న రేర్ వైల్డ్‌కార్డులన్నీ తీసుకెళ్లి నేల కొనుక్కుంటాడు. యుద్ధానికి వచ్చినవాడు స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు. భూమ్మీద పెట్టింది ఎక్కడికీ పోదంటారు పెద్దలు, స్టాండర్డ్‌లో పాత కార్డుల్ని పక్కన పెట్టేసే రొటేషన్ వస్తే అదీ పోతుంది.

ఇవన్నీ ఒకెత్తు, టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే తుపాకుల ఆట ఒకెత్తు. అందులో ఒకే క్లాసు (పాత్ర) వాడే రెండు ఆయుధాలు కరిగిస్తే స్క్రాప్ అనే లోహపు ముక్క ఒకటి, మూడు స్క్రాప్‌లకి ఒక రిక్లెయిమ్డ్, మూడు రిక్లెయిమ్డ్‌లకి ఒక రిఫైన్డ్, మూడు రిఫైన్డ్‌లు కలిపితే ఒక టోపీ. ఏ టోపీ అన్నది మన చేతిలో లేదు. గుణించి చూడండి, 54 ఆయుధాలు. ఆ టోపీ పెట్టుకుంటే గురి కుదరదు, ప్రాణం పెరగదు, పరుగు హెచ్చదు. ఆయుధాలన్నీ మనవి, టోపీ కూడా మన నెత్తినే. టోపీ పెట్టడం అనే మాట తెలుగులో ఎప్పట్నుంచో ఉంది గానీ, ముందుగా రేటు బోర్డు కట్టి మరీ పెట్టినవాళ్లని నేను ఇక్కడే చూశాను. ఆ నిజాయితీకి నమస్కారం.

కాబట్టి నా ప్రతిపాదన. ధర తగ్గించండి, బాగా తగ్గించండి. కొత్తవాళ్ల కోసమని ఒక కత్తి పెట్టి 10 డస్టే అనండి, అందరూ చప్పట్లు కొడతారు. కాకపోతే దానికి ఒక స్ఫటికం కూడా కావాలనండి, ఆ స్ఫటికం నలభయ్యో లెవెల్ దాటితేనే దొరుకుతుందనండి. నలభై దాటినవాడికి ఆ కత్తితో పనేముంటుందని అడక్కండి, ఆ ప్రశ్న వేసే తెలివి వచ్చిందంటే వాడు కొత్తవాడు కాదు. ఈ పథకం వాడికి వర్తించదు.

ఇంకా గొడవ చేస్తే డస్ట్ పక్కన ఇంకో రెండు కరెన్సీలు పెట్టండి. ముక్కలు, సారం, ఏదో ఒక పేరు. ఒకే కరెన్సీ ఉంటే చిన్నపిల్లాడు కూడా ఎనిమిదో వంతే వస్తోందని లెక్క కట్టేస్తాడు. మూడుంటే కట్టలేడు. సరుకు అదే, ధర అదే, కోపం మాత్రం ఎవరి మీద రావాలో తెలియక తిరిగి తిరిగి చల్లారిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా నర్ఫ్ రీఫండ్ జోలికి మాత్రం వెళ్లకండి. బలమైన కార్డుని బలహీనం చేసినప్పుడు కొన్నాళ్లపాటు దాన్ని పగలగొడితే పూర్తి డస్ట్ ఇస్తారు కదా, అది ఈ ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క ధర్మం. అయితే ఆ కార్డు అప్పటిదాకా మీ దగ్గర ఉండాలి. దాచుకునేంత తాహతు ఉన్నవాడి దగ్గరే ఉంటుంది, అది వేరే విషయం.

పోయినవారం మళ్లీ మా అక్క కొడుకే ఫోను. చిన్న కార్డులు లేక ఓడిపోతున్నానని చివరికి అర్థమైందట, డ్రాగన్‌ని పగలగొట్టేశాడట, నాలుగో వంతు వచ్చిందట, దాంతో ఇదివరకు పగలగొట్టిన చిన్నకార్డుల్లో కొన్ని మళ్లీ చేసుకున్నాడట. తెలివొచ్చిందని మెచ్చుకున్నాను. మర్నాడు అప్‌డేట్ వచ్చింది. డ్రాగన్‌కి నర్ఫ్, రెండు వారాలు పూర్తి రీఫండ్. నా దగ్గర మామూలుదీ బంగారుదీ రెండూ ఉన్నాయి. వాడికింకా చెప్పలేదు.