‘జాంగో’ లోపాలను పేదరికం మీదకు నెట్టలేం

ఒక మనిషి వీపు మీద గుర్రపు జీను మోసుకుంటూ, వెనుక ఒక శవపేటికను తాడుతో ఈడ్చుకుంటూ, చీలమండల దాకా దిగబడే బురదలో నడిచి వెళుతుంటాడు. జీను ఉంది కానీ గుర్రం లేదు. పేటిక ఉంది కానీ అందులో ఎవరున్నారో తెలియదు. అతని ముఖం మనకు వెంటనే కనిపించదు, వీపు మాత్రమే కనిపిస్తుంది. సెర్జియో కోర్బూచీ దర్శకత్వంలో 1966లో విడుదలైన ఇటలీ-స్పెయిన్ ఉమ్మడి నిర్మాణం ‘జాంగో’ ఇలా మొదలవుతుంది. కౌబాయ్ చిత్రమంటే గుర్రం, విశాలమైన మైదానం, ఎండ అనుకునే ప్రేక్షకుడి చేతిలోంచి ఆ మూడింటినీ తొలి నిమిషంలోనే లాగేసుకున్న ప్రారంభం ఇది. దీనికి దీటైన ప్రారంభాలు ఈ తరహా చిత్రాల్లో చాలా తక్కువ.

ఈ చిత్రం గురించి మాట్లాడేటప్పుడు అభిమానులు తరచుగా ఒక మాట అంటారు: డబ్బు లేక అలా తీశారు, అందుకని లోపాలను క్షమించాలి అని. ఆ వాదనతో నేను ఏకీభవించలేను. ‘జాంగో’ను శ్రద్ధగా చూస్తే డబ్బు లేకపోవడం వల్ల ఏర్పడిన ఇబ్బందులు చాలావరకు దాని బలాలుగా మారాయని, దానిలోని అసలు లోపాలు డబ్బు పోసినా తీరేవి కావని అర్థమవుతుంది. ఆ రెండింటినీ కలిపేసి జాలి చూపితే చిత్రానికీ అన్యాయమే, దర్శకుడికీ అన్యాయమే.

1960ల తొలి సంవత్సరాల్లో ఇటలీ పరిశ్రమ హెర్క్యులిస్ తరహా పౌరాణిక వీరుల చిత్రాలను కుప్పలుగా తీసింది. కోర్బూచీ కూడా రోము నగర స్థాపకుల కథ మీద, స్పార్టకస్ కొడుకు కథ మీద అలాంటి చిత్రాలు తీసినవాడే. ఆ ఊపు తగ్గుతున్న సమయంలో, 1964లో సెర్జియో లియోనే తీసిన తొలి ‘డాలర్ల’ చిత్రం ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ అనూహ్యంగా ఆడటంతో, రోములోని చిన్న నిర్మాతలందరూ వెస్టర్న్‌ల వైపు, అంటే కౌబాయ్ చిత్రాల వైపు మళ్లారు. స్పెయిన్ భాగస్వామి దొరికితే ఖర్చు పంచుకోవచ్చు, అక్కడి కొండలను మెక్సికో సరిహద్దుగా చూపించవచ్చు, ఉన్న సెట్లనే రంగు మార్చి మళ్లీ వాడుకోవచ్చు. ‘జాంగో’ ఈ లెక్కలోంచే పుట్టింది. పట్టణ దృశ్యాలను రోము శివార్లలోని ఎలియోస్ స్టూడియో సెట్టు మీద, కొన్ని బయటి దృశ్యాలను మాడ్రిడ్‌కు ఉత్తరాన ఉన్న రాతికొండల ప్రాంతంలో చిత్రీకరించారు.

చిత్రీకరణ జరిగింది శీతాకాలంలో. సెట్టు వీధి అంతా బురద. మరో దర్శకుడైతే ఎండ కాసే దాకా ఆగేవాడో, ఇసుక పోయించేవాడో. కోర్బూచీ ఆ బురదనే కథాస్థలంగా మార్చాడు. ఆ పట్టణంలో మామూలు మనుషులు మిగల్లేదు. ఒక సెలూను, అంటే మద్యశాల, దాని యజమాని నథానియెల్, అక్కడ పొట్టకూటి కోసం ఉండిపోయిన కొందరు స్త్రీలు, అంతే. ఒక పక్క అమెరికా అంతర్యుద్ధంలో ఓడిపోయిన దక్షిణాది సైన్యానికి చెందిన మేజర్ జాక్సన్ ముఠా, మరో పక్క మెక్సికో తిరుగుబాటుదారు జనరల్ హ్యూగో దండు ఆ పట్టణాన్ని పీల్చి పిప్పి చేశాయి. జనసమూహాన్ని చూపడానికి డబ్బు లేని నిర్మాణానికి జనం పారిపోయిన పట్టణం కన్నా తగిన కథాస్థలం ఏముంటుంది? ఖాళీ వీధి ఇక్కడ లోటుగా అనిపించదు, భయంగా అనిపిస్తుంది. కళా దర్శకుడు కార్లో సీమీ లియోనే చిత్రాలకూ పనిచేసినవాడు. కుళ్లిన చెక్క, వంగిన వరండాలు, వంకర శిలువల శ్మశానంతో అతను కట్టిన ఈ ఊరు హాలీవుడ్ పట్టణాలలా నిన్ననే రంగు వేసినట్టు ఉండదు.

జాక్సన్ మనుషుల ఎర్రని ముసుగులు కూడా ఇలాంటివే. సరైన ముఖాలున్న జూనియర్ ఆర్టిస్టులు దొరక్కపోవడం వల్లే ముసుగులు తొడిగించామని చిత్ర బృందంలోని వారు తరువాతి కాలంలో చెప్పారు. కారణం ఏదైనా, తెర మీద పడిన అర్థం వేరు. మెక్సికన్ రైతులను పశువుల్లా పరుగెత్తించి సరదాకి కాల్చే జాత్యహంకారి వెనుక ముసుగు మనుషులు, మండించడానికి సిద్ధం చేసిన శిలువ కనిపించినప్పుడు అమెరికా చరిత్ర కొంచెమైనా తెలిసినవారికి అది నల్లవారిపై దాడులు చేసిన తెల్లజాతి ముసుగు సంస్థ కూ క్లక్స్ క్లాన్ అని విడమరిచి చెప్పనక్కరలేదు. 1960లలో అమెరికాలో పౌరహక్కుల ఉద్యమం సాగుతుండగా, వామపక్ష భావాలున్న ఒక ఇటాలియన్ దర్శకుడు చవకగా తీసే వినోద చిత్రంలో ఈ బొమ్మను ఇంత సూటిగా పెట్టడం చిన్న విషయం కాదు.

తెర కొలత విషయంలోనూ ఈ చిత్రం భిన్నమైనది. ఆ రోజుల్లో ఇటలీ వెస్టర్న్‌లలో ఎక్కువ భాగం టెక్నిస్కోప్ పద్ధతిలో, సగం ఫిల్ముతోనే వెడల్పాటి బొమ్మ వచ్చేలా తీసేవారు. ‘జాంగో’ 1.66 నిష్పత్తిలో, అంటే వాటికన్నా ఇరుకైన చట్రంలో ఉంటుంది. ఛాయాగ్రాహకుడు ఎన్‌జో బార్బోనీ ఆ ఇరుకును తెలివిగా వాడుకున్నాడు. దూరదృశ్యాల వైభవం లేదు కాబట్టి కన్ను ఎప్పుడూ నేల మీద, బురద మీద, మనిషి నడుము మీద, పేటిక మీద ఆగుతుంది. లియోనే చిత్రాల్లో కనిపించే ఆకాశం ఇక్కడ ఉండదు. ఊపిరాడని ఈ భావమే చిత్రానికి ప్రాణం అని నా అభిప్రాయం.

జాంగోగా నటించిన ఫ్రాంకో నీరోకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న సైనికుడి వయసు ఆ ముఖంలో కనిపించాలని గడ్డం, ముడతల మేకప్పు వేశారు. నీలికళ్లు మాత్రం మేకప్పుకు లొంగలేదు; ఆ మాసిన ముఖంలో అవి మరింత వెలిగి, మాట లేకుండానే దుఃఖాన్ని చెబుతాయి. లూయిస్ బకలోవ్ సంగీతంలో వచ్చే ప్రారంభగీతం సగం జోలపాటలా, సగం శోకగీతంలా సాగి ఆ దుఃఖానికి తోడు నిలుస్తుంది. అతిశయమైన పాట అది. కానీ బురదలో శవపేటిక లాగే మనిషి వెనుక మెల్లని సంగీతం పెడితే అది సరిపోయేది కాదు.

ఇక లోపాల సంగతి. శవపేటికలో ఏముందన్న ప్రశ్నను చిత్రం దాదాపు మూడో వంతు దాకా చక్కగా నిలబెడుతుంది. మూత తెరుచుకుని మెషిన్ గన్ బయటకు వచ్చిన క్షణం థియేటర్లలో ఎంత హోరు పుట్టించి ఉంటుందో ఊహించవచ్చు. అయితే కథ జరిగే కాలం 1865లో ముగిసిన అంతర్యుద్ధం తరువాతి రోజులు. అప్పటికి చేత్తో మర తిప్పి కాల్చే గాట్లింగ్ తుపాకీ ఉంది గానీ, ఒక్క మనిషి నడుము దగ్గర పట్టుకుని ధారగా కాల్చే ఆయుధం లేదు. తనంతట తాను పేలే మాక్సిమ్ తుపాకీ వచ్చింది 1880లలో. చరిత్రకు విరుద్ధమైన ఈ కల్పనను నేను తప్పు పట్టను, పురాణకథకు అలాంటి స్వేచ్ఛ ఉంటుంది. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ వెంటనే జరిగే మారణకాండను అల్లిన తీరు. ముసుగు మనుషులు చాటుకు పోరు, పక్కనుంచి చుట్టుముట్టరు, గుంపుగా వీధి మధ్యలోకి వచ్చి వరుసగా పడిపోతారు. ఈ దృశ్యానికి కావలసింది ఇంకా మంది నటులు కాదు, ఇంకొంత ఆలోచన. ఎవరు ఎక్కడ నిలబడాలో కాగితం మీద గీసుకోవడానికి ఖర్చు అవదు.

అంతకన్నా పెద్ద లోపం కథానాయకుడి ఉద్దేశంలో ఉంది. జాంగో ప్రేమించిన స్త్రీని చంపింది జాక్సన్. శ్మశానంలో ఆమె సమాధి ఉంది. ప్రతీకారం తీర్చుకునే అవకాశం అతనికి ఒకటికి రెండుసార్లు చేతికందుతుంది, రెండుసార్లూ అతను జాక్సన్‌ను వదిలేస్తాడు. మొదటిసారి ‘నీ మనుషులందరినీ తీసుకురా’ అన్న సవాలులో తర్కం ఉంది, రెండోసారి అదీ లేదు. ఆ తరువాత కథ ప్రతీకారాన్ని పక్కన పెట్టి, హ్యూగోతో కలిసి మెక్సికో సైన్యపు కోటలోని బంగారాన్ని దోచే పథకం మీదకు మళ్లుతుంది. ఈ దోపిడీ ఘట్టమే చిత్రంలో అతి బలహీనమైన భాగం. బురద పోయింది, ఇరుకు పోయింది, ఏ సాధారణ వెస్టర్న్‌లోనైనా ఉండగల కాల్పులు, గుర్రాలు మిగిలాయి. అతను ప్రతీకారం కోసం వచ్చాడా, బంగారం కోసం వచ్చాడా, రెండూ అయితే వాటి మధ్య అతనిలో సంఘర్షణ ఏమిటి అన్నది రచయితలు తేల్చుకోలేదు. పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా చిత్రీకరణ మొదలుపెట్టిన తొందర జాడలు ఇక్కడ బయటపడతాయి.

జాంగో కాపాడే స్త్రీ మరియా పాత్ర విషయంలో నా అభ్యంతరం ఇంకా గట్టిది. మొదటి దృశ్యంలోనే హ్యూగో మనుషులు ఆమెను కట్టి కొరడాతో కొడతారు; వారిని చంపిన జాక్సన్ మనుషులు ఆమెను శిలువకు కట్టి కాల్చబోతారు. రెండు ముఠాలకూ చెందని మనిషికి ఆ సరిహద్దులో చోటు లేదన్న మాట ఆమె శరీరం ద్వారా చెప్పడం బలమైన ఆలోచన. లొరెదానా నుస్యాక్ తన చూపుతో ఆ పాత్రకు హుందాతనం తెచ్చింది. కానీ ఆమెకు చిత్రం ఇచ్చిన పని ప్రేమించడం, దెబ్బలు తినడం, మళ్లీ ప్రేమించడం. సెలూను స్త్రీలు బురదలో కొట్టుకునే దృశ్యమైతే కథకు ఏమీ చేర్చదు. దాన్ని వినోదంగా పెట్టారు, నేడు చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది. మెక్సికన్లు కూడా జాక్సన్ వేటాడేటప్పుడు జాలిపడాల్సిన బాధితులు, హ్యూగో వెంట ఉన్నప్పుడు తాగి అరిచే మూక. జాత్యహంకారాన్ని అంత సూటిగా ఎండగట్టిన చిత్రం తన మెక్సికన్ పాత్రలకు పేర్లు, ముఖాలు ఇవ్వడంలో మాత్రం పిసినారితనం చూపింది.

డబ్బింగ్ గురించి చాలామంది ఫిర్యాదు చేస్తారు. అప్పటి ఇటలీలో దాదాపు అన్ని చిత్రాలకూ మాటలు తరువాతే కలిపేవారు, వేర్వేరు దేశాల నటులు తమ భాషలో పలికేవారు. ఇటాలియన్‌లో సైతం నీరోకు గొంతు ఇచ్చింది వేరొకరు. ఇంగ్లీషు ప్రతి బాగా మోటుగా ఉంటుంది కాబట్టి, ఉపశీర్షికలతో ఇటాలియన్ ప్రతిని చూడటం మేలు.

హింస మీద వచ్చిన వివాదం వేరే స్థాయిది. జాక్సన్ గూఢచారి అయిన బోధకుడు జోనథన్ చెవిని హ్యూగో కోసి అతని నోట్లోనే కుక్కే దృశ్యం ఆనాడు చాలా దేశాల్లో సెన్సారును కలవరపెట్టింది. బ్రిటన్‌లో ఈ చిత్రానికి 1993 వరకు ధ్రువపత్రం దక్కలేదు. ఆ దృశ్యం అవసరమా? హ్యూగో అప్పటిదాకా నవ్వించే మనిషి. అతనూ జాక్సన్ లాంటివాడేనని, జాంగో చేతులు కలుపుతున్నది ఇలాంటివాడితోనని మనకు తెలియాలి కాబట్టి అవసరమే అంటాను. కానీ కెమెరా ఆ క్రూరత్వాన్ని కాసేపు ఆస్వాదిస్తుందన్న విమర్శనూ కాదనలేను.

ప్రపంచం ఈ చిత్రాన్ని ఆదరించిన తీరు ఆశ్చర్యపరుస్తుంది. జాంగో పేరు పెట్టుకున్న అనధికార చిత్రాలు ముప్పైకి పైగా వచ్చాయి. జర్మనీలో ఫ్రాంకో నీరో నటించిన సంబంధం లేని చిత్రాలకు కూడా ఆ పేరే తగిలించారు. 1972లో వచ్చిన జమైకా చిత్రం ‘ది హార్డర్ దే కమ్’లో పల్లె నుంచి కింగ్‌స్టన్ చేరిన యువకుడు కిక్కిరిసిన థియేటరులో చూసేది ఈ మెషిన్ గన్ దృశ్యాన్నే. క్వెంటిన్ టరాంటినో 2012లో తన చిత్రానికి ఈ పేరును, ఈ ప్రారంభగీతాన్ని తీసుకుని, నీరోకు ఒక చిన్న వేషం కూడా ఇచ్చాడు. తెలుగులో 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ ఇదే ఇటలీ అలకు మన దగ్గర లేచిన కెరటం. కాకపోతే మన చిత్రం లియోనే బాటలో నడిచింది; రాజస్థాన్ ఎడారి, నిధి వేట, తెలివితో గెలిచే వీరుడు దాని సొత్తు. కోర్బూచీ వీరుడి శరీరం ఛిద్రమయ్యే బాటలో మన కౌబాయ్ నడవలేదు, అభిమాన కథానాయకుడిని అలా చూడటానికి మన ప్రేక్షకుడు అప్పుడు ఒప్పుకునేవాడూ కాదేమో.

చివరి భాగం దగ్గరికి వచ్చేసరికి చిత్రం మళ్లీ తన బలాన్ని అందుకుంటుంది. బంగారం దాచిన పేటిక ఊబిలో పడుతుంది. దాని వెంట దూకి తానూ మునిగిపోతున్న జాంగోను రక్షించబోయిన మరియాను తుపాకీ గుండు కూలుస్తుంది. హ్యూగో మనుషులు జాంగోను చంపరు. తుపాకీ మడమలతో మోది, గుర్రాలతో తొక్కించి అతని రెండు చేతులనూ నుజ్జు చేస్తారు. చేయి దెబ్బతిన్నా సంగీతాన్ని వదలని గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరు ఈ పాత్రకు పెట్టడంలోని ఔచిత్యం అప్పుడు తెలుస్తుంది. మొత్తం చిత్రంలో వేగంగా తుపాకీ తీయడమే అతని విద్య, అదే ఇప్పుడు లేదు.

శ్మశానంలో తను ప్రేమించిన స్త్రీ సమాధి వెనుక కూర్చుని, ట్రిగ్గరు చుట్టూ ఉండే కడ్డీని పళ్లతో ఊడదీస్తాడు. శిలువ మీద తుపాకీని ఆనిస్తాడు. రక్తం కారే చేతులతో ఎన్నిసార్లు జారినా మళ్లీ ఎత్తుతాడు. ఎదురుగా జాక్సన్ పరిహాసంగా ప్రార్థన చేయమంటూ ఆ శిలువ కొసలను ఒక్కొక్కటిగా కాలుస్తుంటాడు. ఈ దృశ్యానికి ఒక తుపాకీ, కొన్ని శిలువలు, కొద్దిమంది నటులు సరిపోయారు. కాల్పులు ముగిశాక అతను తుపాకీని సమాధి దగ్గరే వదిలేసి, తూలుతూ, బాధతో వంగిపోయి నడిచి వెళ్లిపోతాడు. గాయపడిన మరియా అతని కోసం ఎదురుచూస్తోందని మనకు తెలుసు, అతను ఆమెను చేరాడో లేదో కోర్బూచీ చూపించడు.