కారుకి గోత్రం చూడాలి

మా మేనల్లుడు పరువు తీశాడు. ఉద్యోగం ఊడగొట్టుకోలేదు, క్రెడిట్ కార్డు అప్పుల్లో మునగలేదు, మాకు చెప్పకుండా పెళ్లీ చేసుకోలేదు. ఫోర్డ్ కారు కొన్నాడు. 2019 ఫ్యూజన్, ఒక చెయ్యి మారింది. డాలస్‌లో నాలుగేళ్లుగా తెలుగువాళ్ల మధ్యే తిరుగుతున్న కుర్రాడు, ఏ రూమ్మేటు మందు పెట్టాడో ఏమో.

కబురు వాడికంటే ముందే డాలస్ పక్కనున్న ఫ్రిస్కో చేరింది. శనివారం అక్కడ ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. కథ అయ్యి ప్రసాదం పంచగానే మగవాళ్లందరం ఆచారం ప్రకారం గ్యారేజీలో చేరాం. చేతుల్లో పులిహోర ప్లేట్లు, మధ్యలో మావాడు. ఒకాయన వాడి భుజం మీద చెయ్యేసి, పరామర్శకు వచ్చినట్టు గొంతు తగ్గించి అడిగాడు: "ఎంత పెట్టావు నాన్నా?"

వాడు చెప్పాడు. గ్యారేజీ అంతా ఒకేసారి నిట్టూర్చింది.

"రీసేల్ ఉండదమ్మా" అన్నారు గృహస్థు. అమెరికాలో మనవాళ్లు కారు కొనరు. అమ్మబోయే కారుని కొన్నాళ్లు దగ్గర పెట్టుకుంటారు. పెళ్లిచూపుల్లో కూర్చుని భరణం లెక్క వేసుకునేవాణ్ని మనం మనిషి అనం గానీ, షోరూమ్‌లో కూర్చుని అదే పని చేసేవాణ్ని తెలివైనవాడంటాం.

తర్వాత సాక్షుల విచారణ. "2003లో మా బావమరిది కారు ఐ-35 హైవే మీద నడిరోడ్డున ఆగిపోయింది" అన్నాడొకాయన.

"ఏ కారండీ?"

"పేరు గుర్తులేదు. అమెరికాదే."

"ఎందుకు ఆగింది?"

"గ్యాస్ అయిపోయింది. అయినా జపాన్ కారైతే ఇంటిదాకా లాక్కొచ్చేది కాదూ?"

దీనికి ఎవరూ నవ్వలేదు. నలుగురు తల కూడా ఊపారు. ఇంతలో ఎవరో నిస్సాన్ పేరెత్తారు. అవీ జపాన్ బళ్లే కదా, వాటి సీవీటీ అనే ఆటోమేటిక్ గేరుబాక్సుల మీద వచ్చినన్ని ఫిర్యాదులు మరి దేనిమీద వచ్చాయని. గ్యారేజీ మొత్తం పులిహోరలో పల్లీలు ఏరుకోవడం మొదలెట్టింది. నిస్సాన్ మనకు దాయాది. ఇంటిపేరు ఒకటే, మాటలు మాత్రం లేవు.

నాకు అసలే నోరు ఆగదు. గృహస్థు గారి టొయోటా క్యామ్రీ అక్కడే ఉంది, వారం క్రితమే గుడికి తీసుకెళ్లి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చారు. పూజారి గారు యజమాని గోత్రం అడిగారు గానీ కారుది అడగలేదు. ఆ లోటు నేను పూడుద్దామనుకున్నా. డ్రైవరు వైపు ముందు అద్దం మూలన, కింద, చిన్న రేకు మీద పదిహేడు అక్షరాల నంబరు ఉంటుంది. దాన్నే విన్ అంటారు. అందులో మొదటి అక్షరం కారు పుట్టిన దేశం చెబుతుంది. జపాన్‌లో పుడితే ఇంగ్లీషు 'జె'. అమెరికాలో పుడితే ఎక్కువగా 1, 4, 5. మెక్సికో అయితే 3. ఫోను లైటు వేసి వంగి చదివాను.

"అన్నయ్యా, మీ క్యామ్రీ 4తో మొదలైంది. కెంటకీ పిల్ల. జార్జ్‌టౌన్‌లో 1988 నుంచి పుడుతున్నాయి ఇవి."

పట్టుపంచె సర్దుకుంటూ ఆయన కూడా వంగారు. ఆయన వెనక మిగతావాళ్లు. నంబరు మారుతుందేమోనని మళ్లీ చదివించారు. మారలేదు. పక్కనున్న సియెనా చూశాం: 5, ఇండియానా. వీధిలో ఆగిన అకార్డ్: 1, ఒహాయో. హోండా మేరీస్‌విల్‌లో 1982 నుంచి చేస్తోంది. అంటే మా మేనల్లుడే కాదు, ఆ గ్యారేజీలో సగం మంది పుట్టకముందు నుంచి. ఓ డాక్టరు గారు తన ఒడిస్సీ కచ్చితంగా టోక్యోదేనని పందెం కాసి అలబామాకు ఓడిపోయారు. చీకట్లో పదిమంది పెద్దమనుషులు పంచెలూ కుర్తాలతో అద్దాలకు ముక్కులు ఆనించి తిరుగుతుంటే ఎదురింటి తెల్లాయన పోలీసులకు ఫోన్ చేయనందుకు ఆయనకు ఋణపడి ఉంటాం. చివరికి ముద్దాయి వంతు వచ్చింది. మావాడి ఫోర్డ్, ఆ పచ్చి అమెరికా కారు, 3. మెక్సికోలోని హెర్మోసియో.

మొత్తం వీధిలో మెక్సికో నుంచి వచ్చింది ఆ అమెరికా కారొక్కటే. అమెరికాలో పుట్టినవన్నీ జపాన్ కార్లు.

సభ కాసేపు తర్జనభర్జన పడి తీర్పిచ్చింది: పుట్టింది ఎక్కడైనా "పెంపకం" జపాన్‌ది. సరే, ఒప్పుకుందాం. పెంపకానికీ ఓ పరీక్ష జరిగింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఫ్యాక్టరీని 1984లో టొయోటాతో కలిసి మళ్లీ తెరిచారు. తీసుకున్న కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే, యూనియన్ అదే. లోపం కనిపిస్తే తాడు లాగి లైను ఆపే హక్కు మాత్రం కొత్తగా ఇచ్చారు. ఒకప్పుడు నాసిరకం పనికి పేరుమోసినవాళ్ల చేతుల్లోంచే మంచి కార్లు వచ్చాయి. అంటే దోషం మనుషుల రక్తంలో లేదు, పైన కూర్చున్న దొరల తీరులో ఉంది. ఇంకా తమాషా వినండి. అక్కడ ఒకే లైను మీద టొయోటా కొరోలా, జనరల్ మోటార్స్ వారి జియో ప్రిజమ్ అనే అన్నదమ్ములు తయారయ్యేవారు. లోపల సరుకు దాదాపు ఒకటే, పైన బిళ్ల వేరు. అయినా కొరోలా ఎక్కువ అమ్ముడుపోయేది, పాతబడ్డాక ఎక్కువ ధర పలికేది. ఒకే గిన్నెలో వండిన పప్పు రెండు ప్లేట్లలో వడ్డిస్తే, ఒకదాంట్లో ఉప్పు తక్కువైందన్నట్టు.

అవతలివాళ్లు తక్కువ తిన్నారని కాదు. ఎదురింటి ఆ పెద్దాయన ట్రక్కు వెనక రెపరెపలాడే జెండా ఉంటుంది. "ముప్ఫై ఏళ్లుగా అమెరికా బండే, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు" అంటాడు. ట్రాన్స్‌మిషన్ రెండుసార్లు మార్చాడు. అది లెక్కలోకి రాదట, మామూలు ఖర్చట.

అసలు నమ్మకం అంటే ఏమిటో కొలిచేవాళ్లూ ఉన్నారు. కన్స్యూమర్ రిపోర్ట్స్ సర్వేల్లో టొయోటా, లెక్సస్ ఏళ్లుగా పై వరుసలోనే ఉంటున్నాయి, కాదనను. జేడీ పవర్ వాళ్లు కారు కొన్న మొదటి 90 రోజుల్లో నూటికి ఎన్ని ఫిర్యాదులో లెక్కపెడతారు. 2011లో ఫోర్డ్ అందులో అయిదో స్థానం నుంచి ఇరవైమూడుకు జారింది. జారడానికి పెద్ద కారణం చక్రం ఊడటం కాదు, డాష్‌బోర్డు మీద టచ్ స్క్రీను విసిగించడం. ఫోను కలవకపోతే ఒక మార్కు పోతుంది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

అదే కాలంలో జనరల్ మోటార్స్ వారి షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ కార్లలో తాళం తిప్పే స్విచ్చి వదులు. మోకాలు తగిలినా, తాళాల గుత్తి బరువెక్కువైనా తాళం తనంతట తనే జారేది. నడుస్తున్న బండిలో ఇంజిన్ ఆగేది, స్టీరింగు మొండికేసేది, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. కంపెనీ 2005లో డీలర్లకు ఏం రాసిందో తెలుసా? గుత్తిలో బరువు తగ్గించుకోమని కొనేవాళ్లకు చెప్పమంది. 2006లో గుట్టుగా స్విచ్చి మార్చి, పార్టు నంబరు మార్చలేదు, ఎవరూ కనిపెట్టకూడదన్నట్టు. రీకాల్ 2014లో! పరిహార నిధి లెక్క తేల్చిన చావులు 124. డాలరు కూడా చేయని భాగం. కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టింది, ఒక్కడు జైలుకెళ్లలేదు. ఇన్నేళ్లూ ఆ ప్రమాదాల్లో కొన్నిటిని నడిపినవాళ్ల ఖాతాలో రాశారు, కన్నవాళ్లు నమ్మారు కూడా!

జపాన్ భక్తులు అప్పుడే చంకలు గుద్దుకోకండి. యాక్సిలరేటరు పెడళ్లు ఇరుక్కుపోయే సంగతి దాచినందుకు టొయోటా 120 కోట్ల డాలర్లు కట్టింది కూడా ఆ 2014లోనే. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో పెట్టిన అమోనియం నైట్రేట్ మందు ఏళ్ల తరబడి ఎండకీ ఉక్కకీ పాడై, చిన్న గుద్దుకే పేలి ఇనప ముక్కల్ని గొంతులోకి కొట్టింది. పరీక్షల ఫలితాలు దిద్ది మరీ అమ్మారు. అవి ఎక్కువగా ఉన్నది మన ప్రియమైన హోండాల్లో. ఉక్క ఎక్కడ ఎక్కువ? ఫ్లోరిడా, మన టెక్సాస్ తీరం. ఆ పదిహేడు అక్షరాలు ప్రభుత్వ సైట్లో కొడితే మీ బండికి రీకాల్ ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. గోత్రం కోసం అద్దాలు నాకిన పదిమందిలో ఆ రాత్రి ఒక్కరు కొట్టలేదు. రీకాల్ ఉత్తరాలు ఇంటికి వస్తాయి. వారంటీ అయిపోతోందంటూ వచ్చే దొంగ ఉత్తరాలతో కలిపి చింపేస్తాం. బాగుచేయడం ఉచితమయ్యా, ఉచితం! ఉచిత కొత్తిమీర కోసం కూరల కొట్టులో పావుగంట వాదించే జాతి మనది.

సోమవారం మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఫ్యూజన్ అమ్మేస్తున్నా. క్యామ్రీ చూశాను, 2016ది. లక్షా పదివేల మైళ్లు తిరిగింది, రేటు మాత్రం దీనికంటే ఎక్కువే."

"ఒరేయ్, ఉన్నదానికి ఏమైందిరా?"

"ఏమీ అవలేదు మావయ్యా. అదే భయంగా ఉంది."