భూతద్దాన్ని నిషేధించాలి

నిషేధాలకు మన దేశంలో కొదవ లేదు. అయినా ఆ జాబితాలో భూతద్దం ఇంతవరకు ఎందుకు చేరలేదో నాకు అర్థం కావడం లేదు. తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన కాణీ (పావు అణా నాణెం) ఖరీదు, ఎవరూ భూతద్దంతో చూడనంత కాలం రెండు కోట్లు. చూశాక, బాగా అరగకుండా ఉంటే, కొన్ని పదుల రూపాయలు. ఇంటిల్లిపాది ఆస్తిని ఇంత వేగంగా కరిగించే పరికరం చేతిలో పెట్టుకుని కొందరు నాణేల సేకరణ అనే పేరుతో ఊళ్ల మీద తిరుగుతున్నారు.

వీళ్లు మొదట అడిగేదే అపశకునం. "రాగా, కంచా?" అంటారు. 1906లో, ఏడో ఎడ్వర్డ్ కాలంలో, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కాణీ, దమ్మిడీ వంటి చిల్లరకు రాగి మానేసి కంచు వాడటం మొదలుపెట్టింది. నూటికి 95 పాళ్లు రాగి, 4 తగరం, 1 జింకు. పనిలో పనిగా బరువూ కోసేసింది. విక్టోరియా రాణి రాగి కాణీ దాదాపు ఆరున్నర గ్రాములు తూగేది, కంచుది అయిదు గ్రాములకు లోపే. మారిన ఏడాది రెండు రకాలూ వచ్చాయి కాబట్టి 1906 కాణీని త్రాసు మీద పెడితేగానీ తేలదు. బంగారం కొట్టులో నిమిషం పని. నిజం ఇంత తేలిగ్గా దొరికితే జనం దేనిమీద ఆశ పెట్టుకోవాలి?

అక్కడితో ఆగరు. ఏడాది అంకె కింద సన్నటి చుక్క ఉంటే బొంబాయి టంకశాలలో ముద్రించింది, ఏమీ లేకపోతే కలకత్తాది అంటారు. చుక్కకు ధర పెరుగుతుందా అంటే, "ఏడాదిని బట్టి" అని నసుగుతారు. చిల్లుకాణీ సంగతి మరీ ఘోరం. యుద్ధంలో లోహం కరువై 1943 నుంచి నడిమధ్య చిల్లు పెట్టి కోట్లకొద్దీ కొట్టిన నాణెం అది. జనం బోల్టులకు వాషర్లుగా బిగించుకున్నారు. నేడు అదే నాణేన్ని "అత్యంత అరుదైనది" అని లక్షకు బేరం పెడితే, ఈ చాదస్తులు అడ్డుపడి నవ్వుతారు.

అసలైన దేశసేవ చేస్తున్నది మాత్రం 1616 అని ముద్రించిన ఈస్టిండియా కంపెనీ అణాలను అమ్మేవాళ్లు. ఒకవైపు కంపెనీ పేరు, మరోవైపు హనుమంతుడో సీతారాములో. చరిత్ర పుస్తకం తెరిస్తే, ఆ ఏడాది కంపెనీ తరఫు మనిషి థామస్ రో అజ్మీరులో జహంగీర్ కొలువులో చేతులు కట్టుకుని, కాస్త వర్తకం చేసుకోనివ్వండి మహాప్రభో అని బతిమాలుతున్నాడు. అణాల లెక్కన కంపెనీ దేశమంతటికీ ఒకే నాణేలు వేసింది 1835లో. అయితే ఏం? బతిమాలుకుంటూనే తీరిక చేసుకుని ఆంజనేయస్వామి బొమ్మ చెక్కించిన ఆ భక్తిని మెచ్చుకోవద్దా?

ఆ భక్తికి కొనసాగింపే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వర్ధిల్లుతున్న రైస్ పుల్లింగ్ పరిశ్రమ. నాణేనికి బియ్యం గింజలు అతుక్కుంటాయట, లోపల ఇరిడియం అనే ఖరీదైన లోహం ఉందట, నాసా వాళ్లు వచ్చి కోట్లు పోసి కొంటారట. ఇలాంటి ముఠాలను పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు, పెట్టుబడి పెట్టేవాళ్లు పుడుతూనే ఉన్నారు. పాత నాణేల పేరుతో మా పేరు వాడుకుని కమిషన్ అడిగేవాళ్లను నమ్మవద్దని 2021లో రిజర్వ్ బ్యాంకు ప్రకటన ఇచ్చింది. పుండు మీద కారం చల్లడం అంటే అదే.

మనవాళ్ల చొరవను కొంతైనా గౌరవించాలి. నాణెం దొరకగానే చింతపండు, బూడిద పెట్టి తళతళా తోమేస్తారు. వందేళ్లుగా పట్టిన గోధుమరంగు పొర పోయిందని సేకరణకర్త గుండె బాదుకుంటాడు. ఆ పొర ఉంటేనే ధర అట! మురికికి విలువ కట్టే శాస్త్రాన్ని ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది?

నిషేధం చట్టమయ్యేదాకా నా సలహా ఒకటే. మీ కాణీ చూస్తానని ఎవరైనా చెయ్యి చాపితే, ఎలా పట్టుకుంటాడో గమనించండి. అరచేతిలో వేసుకుని రుద్దితే మనవాడే, కాఫీ ఇప్పించండి. రెండు వేళ్లతో అంచు పట్టుకున్నాడా, వెంటనే లాక్కోండి. వాడు బరువు అడుగుతాడు.