హింస గడిలో నాలుగు పాయింట్లు బాకీ

అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌నీ మాల్కం ఎక్స్‌నీ పోల్చడానికి చదువు అక్కర్లేదు. ఒక స్కేలు, రెండు రంగుల పెన్నులు చాలు. కాగితం నడిమధ్య నిలువుగీత కొట్టాలి. ఎడమవైపు పచ్చసిరాతో 'అహింస', కుడివైపు ఎర్రసిరాతో 'హింస' అని రాయాలి. కింగ్ పేరు కింద 'అమెరికా గాంధీ' అని తగిలిస్తే అర మార్కు కొసరు. కింగ్ పేరిట అమెరికా సెలవిచ్చే జనవరి మూడో సోమవారం వచ్చిందంటే ఈ పట్టిక గైడ్లలోంచి లేచి మన ఫోన్లలోకి నడిచొస్తుంది. దీన్ని కనిపెట్టిన మహానుభావుడు పడ్డ కష్టం మాత్రం ఎవరికీ పట్టలేదు.

పది మార్కుల ప్రశ్నకు గడికి అయిదు పాయింట్లుండాలి. అహింస గడి చకచకా నిండింది. హింస గడి దగ్గర పెన్ను ఆగింది. ఇంతకీ మాల్కం ఎవరిని కొట్టాడు? ఏ బస్సు తగలబెట్టాడు? కుర్రతనపు దొంగతనాలకు 1946 నుంచి 1952 దాకా జైల్లో ఉన్నాడు, నిజమే. అక్కడ కూర్చుని నిఘంటువును మొదటి పేజీ నుంచి చేత్తో ఎత్తిరాసుకున్నాడు. దీన్ని నిఘంటువుపై దాడి కింద వేద్దామా అనుకున్నాడు పట్టికాచార్యుడు. కుదరలేదు.

1957 ఏప్రిల్, న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెం. మాల్కం పనిచేసే 'నేషన్ ఆఫ్ ఇస్లాం' సంస్థకు చెందిన మనిషిని పోలీసులు తల పగిలేలా కొట్టి స్టేషన్లో పడేశారు. బయట జనం పోగయ్యారు. దొరికింది హింస! ఆచార్యుడు ఎర్రపెన్ను మూత తీశాడు. తీరా చూస్తే మాల్కం లోపలికి వెళ్లి దెబ్బలు తిన్నవాణ్ని ఆస్పత్రికి పంపించేదాకా పట్టుబట్టాడు. పని అయ్యాక చేత్తో సైగ చేస్తే జనం చప్పుడు లేకుండా ఇళ్లకు వెళ్లిపోయారు. మూత మళ్లీ పెట్టాల్సి వచ్చింది. 1964 ఏప్రిల్ 3, క్లీవ్‌లాండ్: 'బ్యాలెట్టా, బుల్లెట్టా' ఉపన్యాసం. బుల్లెట్టు! ప్రాణం లేచొచ్చింది. ఒకటో పాయింటు వేసేశాడు. లోపల ఏముందో చదవకపోవడం కలిసొచ్చింది. చదివుంటే నల్లవాళ్లు తమ ఓటును ఎలా బేరానికి పెట్టాలో, అమెరికాను ఐక్యరాజ్యసమితి ముందు ఎలా నిలబెట్టాలో కనిపించేది. తుపాకీ ఉంచుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చిందన్న మాటా కనిపించేది. ఆ ఒక్క పాయింటూ గోవిందా అయ్యేది.

ఈలోగా ఎడమ గడిలో ఉపద్రవం. 1956 జనవరి 30న మాంట్‌గోమరీలో కింగ్ ఇంటిమీద బాంబు పడింది. లోపల భార్య, చంటిబిడ్డ ఉన్నారు. ఆ తర్వాత అమెరికా గాంధీగారు పిస్టలు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నారు! ఇవ్వలేదు. కొన్నాళ్లు ఇంటికి తుపాకుల కాపలా ఉంది, తర్వాత ఆయనే ఆయుధాలు వద్దనుకున్నారు. ఆ దరఖాస్తు ఏ గడిలోకి పోవాలి? గీత మీద అడ్డంగా అతికిస్తే మార్కు ఎవరికి?

పోనీ ఆ అహింసైనా గైడు చెప్పిన సాధుజంతువా? 1963లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హాంలో వర్ణవివక్ష మీద ఉద్యమాన్ని ఏప్రిల్ 3న మొదలుపెట్టారంటే ముహూర్తం చూసి కాదు. మేయర్ ఎన్నిక ముందురోజే ముగిసింది. ఈస్టర్ గిరాకీ ముందుంది, ఆ గిరాకీని దెబ్బకొడితేనే దుకాణదారులు దిగొస్తారు. కార్యకర్తలు పది నియమాల కార్డు మీద సంతకం పెట్టాలి, తిట్టినా తన్నినా చెయ్యెత్తకుండా ఉండడం ముందే సాధన చెయ్యాలి. ఏప్రిల్ 12న కింగ్ అరెస్టయ్యేనాటికి బెయిలు డబ్బు అయిపోయింది. జైలుకెళ్లే పెద్దలు కరువయ్యాక మే 2న వెయ్యిమందికి పైగా పిల్లలు చర్చిలోంచి రోడ్డెక్కారు. మర్నాడు వాళ్ల మీదికి కుక్కల్నీ ఫైరింజన్ గొట్టాల్నీ వదిలారు. పిల్లల్ని ముందు నిలబెడతారా అని మాల్కం మండిపడ్డాడు. అన్నవాడెవరు? హింస గడివాడు!

సెప్టెంబర్ 15న అదే చర్చిలో డైనమైట్ పేలి నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. మొదటి శిక్ష పడింది 1977లో, చివరిది 2002లో. అయ్యా పట్టికాచార్యా, ఈ డైనమైట్ ఏ గడిలో వేశావు? కుక్కల గొలుసు పట్టుకున్న చెయ్యి ఏ గడిలో ఉంది? చచ్చిపొమ్మని 1964లో కింగ్‌కు ఆకాశరామన్న ఉత్తరం పంపిన ఎఫ్‌బీఐ ఏ గడిలో ఉంది? కొట్టినవాడికి గడే గీయవు. దెబ్బలు తిన్న ఇద్దరిలో ఎవరు మర్యాదగా తిన్నారో చెప్పమని పిల్లలకు పరీక్ష పెడతావు. సిగ్గుండాలి.

తేడాలు లేక కాదు. అమెరికా దక్షిణాదిలో అప్పట్లో వివక్ష చట్టంలో అచ్చయి ఉంది కాబట్టి కింగ్ చట్టాన్ని పట్టుకున్నాడు. ఉత్తరాదిలో 'తెల్లవాళ్లకే' అన్న బోర్డులు ఉండేవి కావు, నల్లవాళ్లకు అద్దెకు ఇల్లు మాత్రం దొరికేది కాదు. మాల్కం ఆ వీధుల మనిషి. తెల్లవాళ్లంతా సైతానులన్న తన సంస్థ మాటను 1964లో మక్కా వెళ్లొచ్చాక వదులుకున్నాడు. కింగ్ 1966లో షికాగో వెళ్లి రాయి దెబ్బ తిన్నాక, ఇంత ద్వేషం మిసిసిపీలోనూ చూడలేదన్నాడు. ఆ ఏడాది గాలప్ సర్వేలో 63 శాతం అమెరికన్లు ఆయనంటే గిట్టదన్నారు. ఇప్పుడేమో అందరి తాతలూ ఆయన వెంటే నడిచారట!

మన డల్లాస్, న్యూజెర్సీ తెలుగువాళ్లు కూడా ఈ పట్టికను ముచ్చటపడి పంచుకుంటారు. అమెరికాకు వలస వెళ్లడానికి 1946 చట్టం ప్రకారం భారతదేశానికి దక్కింది ఏడాదికి 100 మంది కోటా, రెండు ఆర్టీసీ బస్సుల జనం. ఈ ఉద్యమం తెచ్చిన ఒత్తిడిలోనే 1965 అక్టోబర్‌లో ఆ తలుపు తెరుచుకుంది. తెరుచుకున్న తలుపులోంచి వచ్చి, తోసినవాళ్లలో మర్యాదస్తుడెవరో తేలుస్తున్నాం.

ఇద్దరూ కలిసింది ఒక్కసారే. 1964 మార్చి 26న, పౌరహక్కుల బిల్లు మీద సెనేట్ చర్చ వినడానికి వచ్చినప్పుడు. చేతులు కలిపి నవ్వుతున్న ఆ ఫొటోను ఆచార్యుడు మధ్యకు కత్తిరించి చెరో గడిలో అతికించబోయాడు. చేతులు కత్తెరకు అడ్డొస్తున్నాయట. హింస గడిలో ఇంకా నాలుగు పాయింట్లు బాకీ.