నాకేమీ లాభం లేదండీ!

లోకంలో నిస్వార్థపరులు మిగల్లేదని బాధపడేవాళ్లు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ప్రశ్న వేసి చూడాలి. వాటర్ ఫిల్టర్ ఏది మంచిదండీ? అంతే, నాలుగో అంతస్తు మహానుభావుడు ప్రత్యక్షం. "ఫలానాది తీసుకోండి, మా ఇంట్లో అదే. నాకేమీ లాభం లేదు, మీ మంచి కోరి చెబుతున్నా." లాభం మాట ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ తన భుజాలు తానే తడుముకున్నాడు.

మాటలతో ఆగితే నిస్వార్థం ఏముంది? ఆదివారం మూడో అంతస్తు టీచరమ్మగారి హాల్లో ఉచిత ప్రయోగం పెట్టాడు. రెండు గ్లాసులు: ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఆర్వో నీళ్లు. వాటిలో కడ్డీలు దించి స్విచ్ వేశాడు. కుళాయి నీళ్లు ముందు పసుపు తిరిగాయి, తర్వాత తుప్పు రంగు, ఆఖరికి నిన్నటి సాంబారు మీద తెట్టులా నురగ. "ఇన్నాళ్లూ మీరు తాగింది ఇదేనండీ!" హాహాకారాలు. ఒకాయన సగం తాగిన కాఫీ కింద పెట్టేశాడు. ఒకావిడ మనవడి నోట్లోంచి వాటర్ బాటిల్ లాగేసింది.

ఆ రంగు నీళ్లది కాదు నాయనా, కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము తుప్పై దిగుతుంది. ఆర్వో లవణాల్ని తీసేస్తుంది కాబట్టి ఆ గ్లాసు తేటగా ఉండిపోతుంది. అందులో చిటికెడు ఉప్పేసి మళ్లీ స్విచ్ వేయమన్నాను. ఆయనకి సరిగ్గా అప్పుడే అర్జెంటు ఫోనొచ్చింది.

మా కుళాయి టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగిన లవణాలూ గట్రా, 280 మిల్లీగ్రాములు. దేశంలో నాణ్యతా ప్రమాణాలు పెట్టే సంస్థ బీఐఎస్ లెక్కలో 500 దాకా ఫరవాలేదు. 500 లోపుంటే ఆర్వో వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది. అయినా టీచరమ్మగారు పెన్షన్ డబ్బులో 18,000 పెట్టి కొన్నారు. వారంటీ కార్డు మీద డీలర్ ముద్ర, ముద్రలో ఫోన్ నంబరు. అది మా గ్రూపులో రోజూ గుడ్‌మార్నింగ్ పెట్టే ఆ నాలుగో అంతస్తాయన నంబరే!

అమ్ముకోవడం తప్పని ఎవరన్నారు? మా వీధి కూరగాయలమ్మి తన వంకాయల్ని తానే పొగుడుకుంటుంది. మనం నవ్వి, పుచ్చులేరి పక్కన పెట్టి కొంటాం. బుట్ట నెత్తిమీద కనబడుతోంది కాబట్టి. ప్రోగ్రామర్లు సందేహాలు తీర్చుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్లో సొంత సాఫ్ట్‌వేర్‌ని సూచించే ప్రోగ్రామర్ అది తనదేనని చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో లిప్‌స్టిక్ మెచ్చుకునే అమ్మాయి డబ్బు ముట్టిందని చెప్పాలని 2023లో కేంద్రమే మార్గదర్శకాలిచ్చింది. ఈయనకి మాత్రం "నేను డీలర్నండీ" అన్న రెండు ముక్కలు గొంతులో అడ్డం పడ్డాయి.

"మన పిల్లాడే కదా, అబద్ధమెందుకు చెబుతాడు?" అన్నారు టీచరమ్మగారు. ఆ నమ్మకాన్నే కదయ్యా నువ్వు కమీషన్‌కి అమ్ముకున్నది! సిగ్గనిపించలేదూ?

గ్రూపులో నిలదీస్తే జవాబు పెట్టాడు, చివర నమస్కారం బొమ్మతో సహా: "ఎవరూ అడగలేదు కదండీ."