సున్నం పేరిట నామం

మే నెలాఖరు వచ్చిందంటే నెల్లూరులోని హరనాథపురం, మాగుంట లేఅవుట్, వేదాయపాళెం వీధుల్లోనూ, ఒంగోలులోని లాయర్‌పేట, భాగ్యనగర్, మంగమూరు రోడ్డు సందుల్లోనూ మినీ లారీలు ఆగి ఉంటాయి. తాడు బిగించిన బీరువా, బోర్లించిన బిందెలు, ముందు సీట్లో ఎవరి ఒళ్లోనో తులసి కుండీ. పిల్లల ఇంటర్ చదువు కోసం ఆత్మకూరు నుంచో, ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో దిగే కుటుంబాలు కొన్ని, ఆ రెండేళ్లూ ముగిసి తిరిగి వెళ్లేవి కొన్ని. వచ్చినవారు మంచిరోజు చూసి పాలు పొంగిస్తారు. వెళ్లేవారు మాత్రం లారీ కదిలిపోయినా గేటు దగ్గరే నిలబడి ఉంటారు. అడ్వాన్సు చేతికి రావాలి కదా.

లోపలి నుంచి వచ్చేది డబ్బు కాదు, క్యాలెండరు కాగితం వెనక రాసిన లెక్క. పెయింటింగు ఇంత, క్లీనింగు ఇంత, కుళాయిలు ఇంత, ఇతర ఖర్చులు ఇంత. అంకెలన్నీ గుండ్రంగా, చివర రెండేసి మూడేసి సున్నాలతో ఉంటాయి. నిజంగా ఖర్చు పెట్టిన లెక్క అంత గుండ్రంగా ఉండదు. ఇతర ఖర్చులంటే ఏమిటని అడిగితే ఇంటి యజమానికి కోపం వస్తుంది. ఇన్నాళ్లూ సొంత మనుషుల్లా చూసుకున్నామే అనే మాట వస్తుంది. లారీకి గంటల లెక్కన కిరాయి పెరుగుతుంటుంది. అద్దెకున్నవారు ఇచ్చింది జేబులో పెట్టుకుని బస్సెక్కుతారు.

మేము చెప్పదలచుకున్నది సూటిగానే చెబుతాం. అడ్వాన్సు అద్దెకున్నవారి సొమ్ము. అది యజమాని దగ్గర దాచి ఉంచినదే తప్ప యజమానికి వచ్చిన ఆదాయం కాదు. పైగా దానికి వడ్డీ లేదు. నెలకు 10,000 అద్దె ఉన్న ఇంటికి మూడు నెలల అడ్వాన్సు 30,000 అనుకుందాం. అదే డబ్బు నోటు రాయించుకుని నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తే నెలకు 600, రెండేళ్లకు 14,400 వచ్చేవి. ఇంటి గోడలకు పట్టిన మరకల లెక్క తీసేవారు ఈ లెక్క కూడా ఒకసారి తీస్తే బాగుంటుంది.

ఇల్లు ఎలా అప్పగించాలనే దానిపై చట్టం కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షనే వర్తిస్తుంది. తీసుకున్న స్థితిలో ఇల్లు తిరిగి అప్పగించాలి, సహజమైన వాడకం వల్ల వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని విపత్తు వల్ల కలిగే నష్టం మాత్రం అద్దెదారు నెత్తిన పడవు. సహజమైన వాడకం అంటే ఏమిటో మన ఇళ్లలో చూడాలి. గడపకు రాసిన పసుపు, దేవుడి గూట్లో దీపం మసి, ఫ్రిజ్ వెనక గోడపై పడిన నల్లటి నీడ, మంచం తల వైపు జిడ్డు గీత. మనుషులు కాపురం చేసిన ఇంట్లో ఇవి లేకుండా ఎలా ఉంటాయి? నెలనెలా అద్దె తీసుకున్నది ఈ వాడకానికే. పగిలిన వాష్ బేసిన్, టైల్సులో దింపిన మేకులు, ఏడాది పాటు తుడవని వంటగదిలో వేలికి అంటుకునే నూనె పొర, పెరట్లో వదిలేసిన చెత్త మూటలు వేరు. వాటి ఖర్చు అద్దెకున్నవారే భరించాలి. అందులో మొహమాటం అక్కర్లేదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ఈ గీతను మరింత స్పష్టంగా గీసింది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఇల్లు ఖాళీగా స్వాధీనమైన రోజే, రావలసిన బకాయి మినహాయించుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. గోడలకు వెల్ల వేయించడం, తలుపులు కిటికీలకు రంగు వేయించడం, పైపులు, వైరింగు యజమాని పని. మురుగు కాల్వ శుభ్రం, స్విచ్చులు, తాళాలు, కుళాయిల వంటి చిన్న మరమ్మతులు అద్దెదారు పని. మన రాష్ట్రం అంతకు ముందే 2017లో అద్దె ఇళ్లకు కొత్త చట్టం చేసుకుంది. అయినా అడ్వాన్సు దగ్గర పేచీ వస్తే నెల్లూరు దర్గామిట్టలో గానీ ఒంగోలు అంజయ్య రోడ్డులో గానీ చట్టం మాట ఎవరూ ఎత్తరు. వీధి అలవాటే చట్టం.

కుళాయిల దగ్గర మాకు ఆ నమూనా చట్టంతో కూడా కొంచెం పేచీ ఉంది. ఉప్పునీళ్ల సంగతి ఢిల్లీలో రాసేవారికి తెలియదు. మన రెండు జిల్లాల్లో చాలా వీధుల్లో బోరు నీళ్లు ఎలా ఉంటాయో స్నానాల గది గోడలే చెబుతాయి. కొత్త కుళాయి బిగించిన కొన్ని నెలలకే మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. షవరు రంధ్రాలు ఒక్కొక్కటే మూసుకుపోయి చివరికి నీళ్లు పక్కకు చిమ్ముతాయి. బకెట్టు అడుగున గరుకు, టైల్సు మీద ఎంత తుడిచినా ఆరగానే తిరిగి తేలే తెల్లని చార. దాన్ని మనం ఉప్పు అంటాం గానీ అందులో ఎక్కువ భాగం సున్నమే. అది అద్దెకున్నవారి అశుభ్రత కాదు, భూమిలోంచి వచ్చింది. ఇల్లు ఖాళీ కాగానే యజమాని మనిషిని పెట్టి యాసిడ్ పోయించి కడిగిస్తారు. చార పోతుంది. దానితో పాటు కుళాయి మీది మెరుపు పూత, టైల్సు మధ్య నింపిన సిమెంటు కూడా పోతాయి. మెరుపు పోయిన ఆ కుళాయి వచ్చే అద్దెదారు హయాంలో తుప్పు పడుతుంది, దాని ఖరీదు ఆయన అడ్వాన్సులో పోతుంది. ఉప్పునీటి బోరు ఉన్న ఇంట్లో కుళాయిలు, షవర్ల అరుగుదల యజమాని ఖాతాలోనే ఉండాలన్నది మా అభిప్రాయం. వారానికి ఒకసారి తుడుచుకోవలసిన బాధ్యత మాత్రం కాపురం ఉన్నవారిది.

చెమ్మ కూడా అలాంటిదే. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు ఏమయిందో గుర్తుంది. స్లాబు కారి గోడ ఉబ్బితే ఆ పెచ్చులకు అద్దెదారును ఎలా పట్టుకుంటారు?

ఇక సున్నం, పెయింటింగు కింద ఒక నెల అద్దె పట్టుకునే ఆచారం. ముందే చెప్పి, ఒప్పందంలో రాసుకుంటే అది కూడా అద్దెలో భాగమే, తెలిసి చేరినవారు తర్వాత గొడవ పడకూడదు. కానీ ఎనిమిది నెలలు ఉన్నవారికీ ఒక నెల, ఆరేళ్లు ఉన్నవారికీ అదే ఒక నెల అంటే ఆ లెక్క గోడను చూసి వేసింది కాదు. ఆరేళ్లయిన రంగు ఎవరూ ఉండకపోయినా వెలిసేదే. రంగు వేయకుండానే తర్వాతి వారిని దింపి, వారు ఖాళీ చేసినప్పుడు మళ్లీ పెయింటింగు పట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. దానికి సున్నం అని పేరు పెట్టడం సున్నానికే అవమానం.

యజమానుల గోడు వినకుండా ఈ మాట ముగిస్తే అన్యాయమవుతుంది. కింద తాము ఉంటూ మేడ మీద పోర్షను అద్దెతో మందులు కొనుక్కునే రిటైరైన టీచర్లు, భర్త పోయిన ఆడవారు మన పట్టణాల్లో ఎందరో. వారికి అడ్వాన్సు వచ్చిన నెలే ఇంటి పన్నుకో, మనవరాలి ఫీజుకో పోతుంది. తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు కొత్త అద్దెదారు అడ్వాన్సు కోసం ఎదురుచూడక తప్పదు. అందుకే రేపు మాపు అంటారు. ఇది తెలిసిన అద్దెదారు ఏం చేస్తున్నాడు? ఖాళీ చేయడానికి రెండు నెలల ముందే అద్దె ఆపేసి అడ్వాన్సులో పట్టుకోండి అంటున్నాడు. కరెంటు బిల్లు కట్టకుండా, పగిలిన సింకు చూపించకుండా తాళం పొరుగింట్లో ఇచ్చి వెళ్లిపోతున్నాడు. అలా ఒకసారి దెబ్బతిన్న యజమాని తర్వాత వచ్చినవారి దగ్గర రెండు నెలలకు బదులు నాలుగు నెలలు అడుగుతారు. ఒకరి ఎగవేత ఇంకొకరి అడ్వాన్సు మీద పడుతోంది. ఈ విషయంలో మేము అద్దెదారులను వెనకేసుకురాము. దెబ్బతిన్న వస్తువులకు హామీగా ఉంచిన డబ్బును అద్దె కింద కలుపుకోమనడం మాట తప్పడమే.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు, అది ఖాళీ చేసే రోజు కాదు, చేరే రోజు చేయాలి. పాలు పొంగించే ముందు ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరగాలి. ఫ్యాన్లు ఎన్ని, కుళాయిలు ఏ స్థితిలో ఉన్నాయి, గోడకు చెమ్మ ఎక్కడుంది, రంగు ఎప్పుడు వేశారు, మీటరు రీడింగు ఎంత. ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసి, ఫోనులో ఫోటోలు తీసి ఒకరికొకరు పంపుకోవాలి. వెళ్లేటప్పుడు ఇల్లు ఊడ్చి, కడిగి, వంటగది జిడ్డు వదిలించి ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే పనిమనిషికి నిజంగా ఇచ్చిన కూలి మాత్రమే మినహాయించాలి. ఆమెకు కొన్ని వందలు ఇచ్చి అడ్వాన్సులో వేలు కోయడం కుదరదు.

మాట కుదరకపోతే నెల్లూరు, ఒంగోలు కోర్టుల ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. కేసు వేయకముందే వివాదాన్ని లోక్ అదాలత్ ముందు పెట్టవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.

ఆ సంస్థలకు ఒక విన్నపం. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కాబట్టి అందరూ 11 నెలలకే రాసుకుంటారు. రాసేది కోర్టు ఎదుటి టైపింగు షాపుల్లో. అక్కడి కంప్యూటరులో పాత నమూనా ఒకటి ఉంటుంది, పేర్లు మారుతుంటాయి, మిగతాదంతా అలాగే అచ్చవుతుంది. ఖాళీ చేయునప్పుడు వెల్ల వేయించి అప్పగించవలెను అన్న వాక్యం ఎవరూ చదవకుండానే చేతులు మారుతోంది. అడ్వాన్సు తిరిగి ఇచ్చే తేదీ, మినహాయింపులకు రసీదు, చేరిన రోజు జాబితా ఉన్న ఒక పేజీ తెలుగు నమూనాను న్యాయ సేవాధికార సంస్థలు తయారు చేసి, వచ్చే మే నెలలోగా ఆ షాపులన్నింటికీ ఇవ్వాలి.