అగ్ని తత్వం వచ్చేసింది, మోకాలే వంగడం లేదు

జపాన్ యుద్ధవిద్యల మీద మోజున్నవాళ్లలో ఈమధ్య ఒక మంచి మార్పు కనిపిస్తోంది. పూర్వం డోజోలో, అంటే సాధనశాలలో, చేరినవాడు ముందు దెబ్బ తగలకుండా కింద పడటం నేర్చుకునేవాడు. ఇప్పుడు ముందు తన తత్వమేమిటో తెలుసుకుంటున్నాడు. ఆన్‌లైన్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే చాలు, మీరు భూమా, నీరా, అగ్నా, గాలా, ఆకాశమా అన్నది తేలిపోతుంది. ఎవర్ని కదిపినా అగ్నే. భూమి వచ్చినవాడు ఎవరికీ చెప్పకుండా క్విజ్ మళ్లీ రాస్తాడు.

పాతకాలపు గురువులు కొందరు దీన్ని చూసి నవ్వుతున్నారు. నేను నవ్వను. తొడలు పట్టేసేదాకా సాధన చెయ్యడం కంటే తత్వం తెలుసుకోవడం సుఖమని ఒప్పుకోవడానికి సిగ్గెందుకు? ఈ వ్యాసం రాస్తున్నదే ఆ విజ్ఞానాన్ని సమర్థించడానికి. దారిలో కొన్ని వాస్తవాలు అడ్డం వస్తాయి. పాఠకులు పెద్దమనసు చేసుకుని సర్దుకుపోవాలి.

పంచభూతాల పేర్లున్న సాధన అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది నింజా విద్య నేర్పే బుజిన్‌కాన్ సంస్థవాళ్లు చేసే సన్షిన్ కటాలు. కటా అంటే ముందే కూర్చిపెట్టిన కదలికల వరస. చి, సుయి, కా, ఫూ, కూ అని అయిదు. అంటే భూమి, నీరు, అగ్ని, గాలి, ఆకాశం. పేర్లు వింటేనే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇక చేసేదేమిటో చూడండి. భూమి కటాలో ముందు చెయ్యి చాపి నిలబడతారు. ఒంటి బరువు వెనక కాలి మీదికి తీసుకుంటారు. వెనక చేతిని కింది నుంచి ఊపుతూ, అడుగు ముందుకేసి, మూడు వేళ్ల కొసలతో పొడుస్తారు. భూమి అయిపోయింది. నీటి కటాలో వచ్చే గుద్దును పైన అడ్డుకుని అరచేతి అంచుతో మెడ మీద కొడతారు. అగ్ని కటాలోనూ అదే అడ్డు, అదే మెడ, అదే అరచేతి అంచు. కాకపోతే చెయ్యి తిరగేసి, రెండో పక్క నుంచి. సృష్టి మొదలైనప్పటి నుంచి నిప్పుకూ నీటికీ ఉన్న వైరం ఇక్కడ మణికట్టు ఒక్క తిప్పుతో సరి. గాలి కటాలో తన్నును కిందికి తోసేసి బొటనవేలితో పొడుస్తారు.

ఇక ఆకాశం. శూన్యమంటే ఏమిటని వేదాంతులు వేల ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఈ కటాలో ఆ గొడవే లేదు. ఒక చెయ్యి గభాల్న పైకెత్తి ఎదుటివాడి చూపు అటు లాగాలి, అదే ఊపులో కింద తన్నాలి. పైన చూపించి కింద తన్నడమనే ఈ విద్య ఒక్క జపాన్‌కే సొంతమని నేను అనను గానీ, దానికి ఆకాశమని పేరు పెట్టే ధైర్యం మాత్రం వాళ్లదే.

మరి అగ్ని అంటే దూకుడు, నీరంటే వెనక్కి తగ్గి అదును చూడటం, గాలి అంటే దొరక్కుండా తప్పుకోవడం అనే మనస్తత్వ శాస్త్రం ఎక్కడిది? దాన్ని లోకమంతా చాటింది ఒహాయో నుంచి వెళ్లిన స్టీఫెన్ హేయిస్. 1975లో ఆయన జపాన్ వెళ్లి బుజిన్‌కాన్ పెట్టిన హత్సుమి మసాకి దగ్గర చేరాడు. తిరిగొచ్చి 1980ల మొదట్లో నింజాల మీద పుస్తకాలు రాశాడు. అప్పట్లో అమెరికాలో నల్లబట్టలకు తెగ గిరాకీ. వట్టి కాళ్లూ చేతులూ ఎలా కదపాలో చెబితే ఎవరు చదువుతారు? తత్వం చెబితే చదువుతారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, చెప్పిన విషయం ఒక పద్ధతిలో చెప్పాడు. తర్వాత వచ్చినవాళ్లే కాళ్లు వదిలేసి తత్వం పట్టుకున్నారు.

హత్సుమి ఊరు చీబా జిల్లా నోదా. సోయాసాస్‌కు పేరుమోసిన ఊరు. ఆయన వృత్తి ఎముకలు సరిచేసి కట్టుకట్టే వైద్యం. నా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన వివరం. పగలు విరిగిన మోచేతులు చూసేవాడు, సాయంత్రం మోచెయ్యి ఎటు వంగుతుందో నేర్పేవాడు. ఆయన గురువు తకామత్సు తొషిత్సుగు 1972లో పోయేదాకా నారా జిల్లాలో ఉండేవాడు. ఆయన దగ్గర నేర్చుకోవడానికి హత్సుమి ఏళ్ల తరబడి రాత్రి రైళ్లలో వెళ్లొచ్చేవాడు. ఈ సంప్రదాయాల వంశవృక్షాలు ఎంతవరకు నిజమన్న దాని మీద చరిత్రకారులకు సందేహాలున్నాయి, అది వేరే సంగతి. రైలు టికెట్ల మీద మాత్రం ఎవరికీ సందేహం లేదు. తన తత్వం తెలుసుకోవడానికి రాత్రంతా రైలెక్కి వెళ్లేవాళ్లు ఇప్పుడెంతమంది?

ఇంకో చిక్కుంది. ఈ కటాలకున్న మరో పేరులో గోగ్యో అని ఉంటుంది. అది చైనా లెక్క: కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు. అందులో ఒకటి ఇంకోదాన్ని ఓడిస్తుంది. నీరు నిప్పును, నిప్పు లోహాన్ని, లోహం కట్టెను, అలా చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి. లోపలున్న అయిదు పేర్లేమో భారతదేశపు లెక్క. అందులో ఎవరూ ఎవర్నీ ఓడించరు, దొంతరగా ఒకదాని మీద ఒకటి ఉంటాయంతే. బోర్డు ఒకరిది, సరుకు ఇంకొకరిది. కాబట్టి "నా నీరు నీ అగ్నిని ఆర్పేస్తుంది" అని సవాలు చేసే కుర్రాడు ముందు ఏ దేశం లెక్కలో మాట్లాడుతున్నాడో చెబితే మంచిది.

చైనా లెక్కను నిక్కచ్చిగా వాడుకున్నది కెండో, అంటే జపాన్‌వాళ్ల కత్తిసాము. అందులో కత్తి పట్టి నిలబడే పద్ధతులు అయిదు. కత్తి మొన ఎదుటివాడి గొంతుకు గురిపెడితే నీరు. తల మీదికెత్తితే నిప్పు. మొన కిందికి దించితే మట్టి. కుడి భుజం పక్కన నిలువుగా పట్టుకుంటే కట్టె. నడుం వెనక దాచితే లోహం. వినడానికి ఎంత బాగుంది! ఇప్పుడు ఏదైనా కెండో పోటీకి వెళ్లి చూడండి. దాదాపు అందరూ నీళ్లే. ఎక్కడో ఒకడు నిప్పు. కట్టె, లోహం మ్యాచ్‌లో కనిపించనే కనిపించవు, కటా ప్రదర్శనల్లో మాత్రం వచ్చి మొహం చూపించి వెళ్తాయి. ప్రకృతిలో సమతుల్యత గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ నిరుద్యోగ సమస్యను ఇంతవరకూ పట్టించుకోలేదు.

ఇంతదూరం వచ్చాక మన వాట్సాప్ మేధావులు ఊరుకోరని తెలుసు. "పంచభూతాలు మనవే కదా, శ్రీకాళహస్తిలో వాయులింగమున్న రాష్ట్రంవాళ్లకు జపాన్‌వాడు గాలి తత్వం నేర్పుతాడా?" అంటారు. మొదటి సగం నిజమే. 804లో చైనా వెళ్లిన కూకై అనే భిక్షువు 806లో తంత్ర బౌద్ధంతో తిరిగొచ్చాడు. ఆయన కోయసాన్ కొండ మీద పెట్టిన క్షేత్రంలో ఇప్పుడు రెండు లక్షలకు పైగా సమాధులున్నాయి. చాలా వాటి మీద అయిదు రాళ్ల స్తంభం ఉంటుంది: కింద చదరపు రాయి భూమి, దాని మీద గుండ్రాయి నీరు, పైన కప్పులాంటిది అగ్ని, ఆపైన సగం గిన్నెలా గాలి, కొసన మొగ్గలా ఆకాశం. వాటి మీద సంస్కృతం లిపిలో అ, వ, ర, హ, ఖ అని చెక్కుతారు. అంటే జపాన్‌లో పంచభూతాలు పక్కాగా, వరస తప్పకుండా కనిపించేది శ్మశానంలో. పోయినవాళ్లు పంచభూతాల్లో కలిసిపోయారని మనమూ అంటాం. బతికుండగానే కలిసిపోవాలన్న ఆత్రం కొత్త బ్యాచ్‌ది.

అసలైన అధికారిక ఆధారం కావాలంటే పేరుమోసిన కత్తివీరుడు మియమోతో ముసాషి ఉన్నాడు. అరవైకి పైగా పోటీల్లో ఒక్కసారీ ఓడలేదని తనే రాసుకున్నాడు. 1643లో కుమమోతో దగ్గర రేగందో గుహలో కూర్చుని భూమి, నీరు, అగ్ని, గాలి, ఆకాశం అని అయిదు కాగితపు చుట్టల పుస్తకం మొదలుపెట్టి, 1645లో చనిపోయే ముందు పూర్తిచేశాడు. ఇంకేం, ఎనర్జీ గురించి అంతా అందులోనే ఉంటుందని ఆశగా తెరుస్తాం. భూమిలో వడ్రంగి పని గురించి ఉంటుంది. నీటిలో కత్తి పిడిని ఏ వేలితో ఎంత గట్టిగా పట్టాలో ఉంటుంది: చిటికెనవేలు, ఉంగరపువేలు బిగించు, మధ్యవేలు మధ్యస్థంగా ఉంచు, బొటనవేలు, చూపుడువేలు వదులుగా వదిలెయ్. అగ్నిలో సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకో, ఇంట్లో అయితే దీపాన్ని వెనక ఉంచుకో అని ఉంటుంది. గాలిలో పక్క గురుకులాల మీద విమర్శలుంటాయి. ఆకాశం ఒకటి రెండు పేజీల్లో అయిపోతుంది. తన తత్వం ఏమిటో ముసాషి ఎక్కడా చెప్పలేదు. అరవై మందిని ఓడించినవాడికి క్విజ్ రాసే తీరిక దొరికి ఉండదు.

బుజిన్‌కాన్‌లో డాన్‌లు, అంటే నల్లబెల్టు వచ్చాక ఎక్కే మెట్లు, పదిహేను. పదకొండు నుంచి పదిహేను దాకా మళ్లీ భూమి మొదలు ఆకాశం వరకు పేర్లున్నాయి. అక్కడికి వెళ్లాలంటే దారిలో అయిదో డాన్ పరీక్ష దాటాలి. కళ్లు మూసుకుని మోకాళ్ల మీద కూర్చోవాలి. వెనక నిలబడినవాడు వెదురు కత్తి ఎత్తి, ఎప్పుడో చెప్పకుండా, నెత్తి మీదికి దించుతాడు. పక్కకు దొర్లితే పాస్. దొర్లకపోతే తలకు బొప్పి. ఆ క్షణంలో ఏ తత్వం పనిచేసిందని తర్వాత ఎవరూ అడగరు.

అన్నట్టు, గాలి తత్వం వచ్చిన సోదరులకు ఒక మనవి. దెబ్బ తప్పించుకోవడానికి కుడికి జరుగుతారో ఎడమకు జరుగుతారో కాస్త ముందే తేల్చుకోండి. మీరు తప్పించుకున్న దెబ్బలు మీ పక్కన నిలబడ్డవాళ్లకు తగులుతున్నాయి.